ఐదు పార్కులు వద్దు, సెరెంగెటి ఒక్కటి చాలు

ప్రశ్న: మా వారు జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆయనకు 63 ఏళ్ళు, నాకు 58. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, నాకు బీపీ. ఇద్దరం శాకాహారులం. జీవితంలో ఒక్కసారైనా ఆఫ్రికా వెళ్ళి జంతువులను వాటి చోట చూడాలని ఆయన కోరిక. ఒక ట్రావెల్ ఏజెంటు వచ్చే ఆగస్టులో ఏడు రోజుల్లో కెన్యా, టాంజానియా కలిపి ఐదు పార్కులు తిప్పుతానంటున్నాడు. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు నది దాటడం గ్యారంటీగా చూపిస్తాడట. మనిషికి మూడున్నర లక్షలు అడుగుతున్నాడు. పిల్లలిద్దరూ ఈ వయసులో అడవులేమిటని కోప్పడుతున్నారు. నాకూ లోలోపల భయంగానే ఉంది, కానీ ఆయన ముఖం చూస్తే వద్దనలేకపోతున్నాను. వెళ్ళమంటారా? ఇంకో చిన్న సందేహం. నాకు చీర తప్ప వేరే అలవాటు లేదు. అక్కడ ఇబ్బంది అవుతుందా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

సమాధానం:

అమ్మా, వెళ్ళండి. ఇద్దరూ తప్పకుండా వెళ్ళండి. కానీ ఆ ప్యాకేజీలో వెళ్ళకండి. ఆగస్టుకు బదులు ఫిబ్రవరి పెట్టుకోండి. ఐదు పార్కుల మాట పక్కన పెట్టి టాంజానియాలో ఒక్క సెరెంగెటినే నింపాదిగా చూసి, దారిలో ఉన్న గోరొంగోరో అగ్నిపర్వత బిలంలో ఒక రోజు గడిపి రండి. ఎందుకో వివరంగా చెబుతాను. నేను ఆ మైదానాలకు నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి మీ ఏజెంటు చెబుతున్నలాంటి ప్రయాణమే చేసి, తిరిగొచ్చాక చాలా బాధపడ్డాను.

ముందు ఆ ఏడు రోజుల లెక్క చూద్దాం. ఇలాంటి ప్యాకేజీలు మామూలుగా నైరోబీలో మొదలై అంబోసెలి, నకురు, మసాయి మారా చూపించి, అక్కడి నుంచి సెరెంగెటి, గోరొంగోరోలకు తీసుకెళ్తాయి. మ్యాపులో మారా, సెరెంగెటి పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. జంతువులు అటూ ఇటూ హాయిగా నడిచిపోతాయి. మనకు మాత్రం ఆ దారి లేదు. పర్యాటకులు పడమటివైపు ఇసెబానియా దగ్గరి సరిహద్దు దాకా చుట్టూ తిరిగి వెళ్ళాలి. అక్కడ పాస్‌పోర్టు ముద్రలు వేయించుకుని, కెన్యా బండి దిగి టాంజానియా బండి ఎక్కాలి. దానికే ఒక పగలంతా పోతుంది. మిగతా పార్కుల మధ్య కూడా నాలుగు గంటలు, ఆరు గంటలు ప్రయాణం. అలా కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగితే ఏడు రోజుల్లో సగం హైవే మీద లారీల వెనకే గడుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది శిక్ష. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా జంతువులు బాగా కదిలే వేళ. సరిగ్గా ఆ వేళల్లోనే మీరు పెట్టె సర్దుకుంటూనో, గేటు దగ్గర కాగితాల కోసం నిలబడో ఉంటారు. పుణ్యకాలం కాస్తా అక్కడే గడిచిపోతుంది.

ఇక నది దాటే దృశ్యానికి గ్యారంటీ అన్నాడు చూడండి, ఆ మాట ఒక్కటి చాలు అతన్ని నమ్మకూడదని చెప్పడానికి. జూలై నుంచి అక్టోబరు దాకా మందలు సెరెంగెటి ఉత్తర భాగంలో, మారా నది చుట్టుపక్కల ఉంటాయి. ఆ మాట నిజమే. కానీ ఏ రోజు దాటతాయో, ఏ రేవులో దాటతాయో వాటికే తెలియదు. నేను ఆగస్టులో కొగాటెండే దగ్గర నది ఒడ్డున మూడు రోజులు కూర్చున్నాను. రెండో రోజు వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు గట్టు అంచుదాకా వచ్చి ఆగాయి. ఒక జీబ్రా మెల్లగా దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాగింది. వెనక మంద అంతా దాన్నే చూస్తోంది. మేమంతా ఊపిరి బిగబట్టాం. ఇంతలో ఎవరో మంచి చోటు దొరుకుతుందని బండి ముందుకు పోనిచ్చారు. ఆ ఇంజను చప్పుడుకు జీబ్రా తల ఎత్తింది, వెనక్కి తిరిగింది, దానితో పాటు మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ పోయింది. మూడో రోజు కళ్ళు కాయలు కాచేలా చూసి నాలుగింటికి వెనుదిరిగాం. మేం వచ్చేశాక దాటాయని రాత్రి క్యాంపులో తెలిసింది. నాకు నది మీద కోపం లేదు. కానీ ఆ ఒక్క దృశ్యం కోసం నేను మిగతా వేటినీ సరిగ్గా చూడలేదు. నాకు టికెట్లు అమ్మిన మనిషి కూడా సరిగ్గా ఇదే గ్యారంటీ ఇచ్చాడు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట మీ వారు జువాలజీ మాస్టారు కావడం. అలాంటి మనిషిని ఫిబ్రవరిలో సెరెంగెటి దక్షిణాన ఉన్న ఎన్‌డుటు ప్రాంతానికి తీసుకెళ్ళాలి. మందలు పిల్లల్ని కనేది అక్కడే.

అక్కడే ఎందుకు కంటాయో ఆయనకు చెబితే ఎంత సంతోషిస్తారో. ఆ మైదానాలకు తూర్పున ఓల్ డొయిన్యో లెంగాయి అనే అగ్నిపర్వతం ఉంది, మసాయి భాషలో దేవుడి కొండ అని అర్థం. ఇప్పటికీ రగులుతూ ఉండే కొండ. అదీ, చుట్టుపక్కల పాత అగ్నిపర్వతాలూ వేల ఏళ్ళుగా వెదజల్లిన బూడిద ఆ నేల మీద పేరుకుంది. కిందటి పొర గట్టిపడిపోవడంతో చెట్ల వేళ్ళు దిగవు. అందుకే కనుచూపు మేర ఒక్క చెట్టు కూడా లేకుండా పొట్టి గడ్డి పరుచుకుని ఉంటుంది. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. పాలిచ్చే తల్లికి అదే కావాలి. పైగా గడ్డి పొట్టిగా ఉంటే సింహం, హైనా పొంచి ఉండటానికి చాటు దొరకదు. వానలు పడ్డంత కాలం అక్కడ ఉండి, గడ్డీ నీళ్ళూ అయిపోగానే పడమరకూ ఉత్తరానికీ కదులుతాయి. గ్రుమెటి నది, ఆ తరువాత మారా నది, మళ్ళీ నవంబరు, డిసెంబరు వానలకు దక్షిణానికి. ఏడాది పొడవునా ఈ తిరుగుడే. మొత్తం వైల్డ్‌బీస్ట్‌లు పది లక్షలకు పైనే అని దశాబ్దాలుగా చెప్పుకుంటున్న లెక్క. వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు. జీబ్రా పైన ముదురు గడ్డి కొరుక్కుతింటే, వైల్డ్‌బీస్ట్ దాని కింద ఆకు తింటుంది, ఆ తరువాత వచ్చే గజెల్ నేలకు అంటుకున్న లేత చిగురు తింటుంది. ఒకే పొలంలో మూడు పంక్తులు లేచినట్టు ఉంటుంది.

పిల్లల్లో ఎక్కువ భాగం ఫిబ్రవరిలో ఓ రెండు మూడు వారాల్లోనే పుడతాయి. అన్నీ ఒకేసారి పుడితే వేటాడే జంతువులు ఎన్నని తింటాయి? ఎక్కువ పిల్లలు బతికి బయటపడతాయి. మాస్టారు ఈ సంగతి క్లాసులో ఎన్నోసార్లు చెప్పే ఉంటారు.

ఒకరోజు ఉదయం ఏడున్నరకు ఎన్‌డుటు దగ్గర మా బండికి ముప్పై అడుగుల దూరంలో ఒక ఆడ వైల్డ్‌బీస్ట్ పడుకుని లేస్తూ, మళ్ళీ పడుకుంటూ ఉంది. మా డ్రైవరు ఇంజను ఆపేశాడు. తోక కింద రెండు చిన్న గిట్టలు కనిపించాయి. తల్లి లేచి నిలబడింది, నాలుగడుగులు వేసింది, మళ్ళీ కూలబడింది. చుట్టూ ఉన్నవి మేత ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. కాసేపటికి లేత గోధుమరంగు పిల్ల ఒకటి పొరతో సహా జారి గడ్డి మీద పడింది. తల్లి నాకుతుంటే అది ముందుకాళ్ళ మీద లేవబోయి ముక్కు నేలకు కొట్టుకుంది. ఇంకోసారి లేచింది. ఈసారి వెనక కాళ్ళు నాలుగు దిక్కులకూ జారాయి. నేను గడియారం చూస్తూనే ఉన్నాను, పది నిమిషాలు తిరక్కుండా నిలబడింది. ఇంకాసేపటికి తల్లి పొట్ట కింద దూరి పొదుగు వెతుక్కుంది. దూరంగా ఒక నక్క మాయ కోసం కాచుకుని కూర్చుంది. మా పక్క సీట్లో ఉన్న పెద్దాయన, ఎవరో కూడా నాకు తెలియదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మీ వారికి నేను చూపించాలనుకుంటున్నది ఇది.

అన్నీ ఇంత తీపిగా ఉండవని కూడా చెప్పాలి. అక్కడే చిరుతపులికి దూరపు చుట్టంలా ఉండే చీతా ఒక పిల్లను పట్టడం కూడా మీ కళ్ళముందే జరగవచ్చు. చూడలేననిపిస్తే డ్రైవరుకు చెప్పండి, బండి తిప్పేస్తాడు. అందులో మొహమాటం అక్కర్లేదు.

నేనైతే మీ ప్రయాణం ఇలా వేస్తాను. కిలిమంజారో విమానాశ్రయంలో దిగి అరుషా ఊళ్ళో ఒక పూర్తి రోజు విశ్రాంతి. ఆ రోజు ఏ పనీ పెట్టుకోవద్దు. మర్నాడు కరాటు అనే చిన్న ఊరికి చేరి, తరువాతి రోజు గోరొంగోరో బిలం చూసి అక్కడే పడుకోండి. ఆ తరువాత ఎన్‌డుటులో మూడు రాత్రులు, సెరెంగెటి నడిబొడ్డున ఉన్న సెరొనెరాలో రెండు రాత్రులు. తిరుగు ప్రయాణం మాత్రం సెరొనెరా నుంచి అరుషాకు చిన్న విమానంలో పెట్టుకోండి. రోడ్డు మీద ఏడెనిమిది గంటలు, అందులో చాలా భాగం రేకులా గతుకుల మట్టి రోడ్డు. విమానంలో గంట, గంటన్నర. ఆ ఖర్చు మోకాళ్ళకు పెట్టిన ఖర్చనుకోండి. అయితే ఆ విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ చక్రాల సూట్‌కేసు కాకుండా మెత్తటి బ్యాగులో. మిగతా సామాను అరుషా హోటల్లో వదిలేయొచ్చు.

గోరొంగోరో గురించి కాస్త. అది ఎప్పుడో ఇరవై లక్షల ఏళ్ళకు పూర్వం ఒక పెద్ద అగ్నిపర్వతం తనలోకి తాను కూలిపోవడంతో ఏర్పడిన గిన్నె. అడ్డంగా దాదాపు 19 కిలోమీటర్లు, లోతు 600 మీటర్లు. పై అంచు మన ఊటీ అంత ఎత్తులో ఉంటుంది, కాబట్టి ఫిబ్రవరిలో కూడా తెల్లవారుజామున స్వెట్టరు, మఫ్లరు కావాలి. అంచు మీద నిలబడితే మొదట మంచు తప్ప ఏమీ కనపడదు. అది విడిపోయేకొద్దీ కింద ఒక ఉప్పు చెరువు, పసుపు బెరడు తుమ్మచెట్ల తోపు, చీమల్లా కదిలే చుక్కలు. దిగి వెళ్తే ఆ చుక్కలు అడవిదున్నలని తెలుస్తుంది. నల్ల ఖడ్గమృగాన్ని చూసే అవకాశం ఈ ప్రయాణంలో అక్కడే ఎక్కువ. జిరాఫీలు మాత్రం బిలం లోపల ఉండవు. అవి దారిలో, సెరెంగెటిలో కనిపిస్తాయి. దాని మెడలోనూ మన మెడలోలాగే ఏడు వెన్నుపూసలే అని ముప్పై ఏళ్ళు చెప్పిన మనిషి, అది ముందుకాళ్ళు రెండూ ఎడంగా చాచి, కిందికి వంగి నీళ్ళు తాగడం చూస్తే ఏమంటారో నాకు వినాలనుంది.

భోజనానికి ఆగే చోట ఒక జాగ్రత్త. బిలంలో చెరువు పక్కన పిక్నిక్ స్థలం ఉంటుంది, అక్కడ గద్దలు చేతిలో రొట్టె తన్నుకుపోతాయి. బండిలోనే కూర్చుని తినండి.

సెరొనెరాలో నాకు ఇష్టమైనవి కోప్యేలు. అంటే మైదానం మధ్యలో పొడుచుకొచ్చిన గ్రానైట్ గుట్టలు. హైదరాబాద్ నుంచి భువనగిరి వైపు వెళ్ళేటప్పుడు కనిపించే గుండ్లగుట్టలు గుర్తొస్తాయి, తేడా ఏమిటంటే వాటి మీద సింహాలు పడుకుని ఉంటాయి. అదే రాళ్ళ సందుల్లో కుందేలంత హైరాక్స్ అనే జంతువు ఉంటుంది. అది ఏనుగుకు దగ్గర చుట్టమని చెబితే ఎవరూ నమ్మరు, మాస్టారు నమ్ముతారు. చిరుతపులి కోసమైతే చెట్టు కొమ్మల మీద తోక వెతకమని డ్రైవర్లు చెబుతారు. ఒంటి మచ్చలు ఆకుల నీడలో కలిసిపోతాయి, కానీ తోక నిటారుగా కిందికి వేలాడుతుంది. నేను చూసిన మూడు చిరుతలూ ముందు తోకగానే కనిపించాయి.

ఇప్పుడు మీ భయం. బండిలో ఉన్నంతసేపు భయం అక్కర్లేదు. అక్కడి సింహాలు బండిని బండిగానే చూస్తాయి, లోపలున్న మనుషుల్ని విడిగా గుర్తుపట్టవు. మన పని కిటికీలోంచి చేతులు బయట పెట్టకుండా, గట్టిగా మాట్లాడకుండా, డ్రైవరు చెప్పనిదే కిందికి దిగకుండా ఉండటం. క్యాంపుల చుట్టూ కంచె ఉండదు. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనాల దగ్గరికి వెళ్ళాలంటే కాపలా మనిషి టార్చితో వచ్చి తీసుకెళ్తాడు. అతన్ని అస్కారి అంటారు. ఒంటరిగా పది అడుగులు కూడా వేయొద్దు. రాత్రి హైనా కూత వినిపిస్తుంది, ఒక్కోసారి సింహం గర్జన మైళ్ళ దూరం నుంచి నేల అదిరినట్టు వస్తుంది. గుడారం జిప్పు వేసి ఉంటే చాలు. పండ్లు, బిస్కెట్లు మాత్రం లోపల పెట్టుకోవద్దు, కోతులొస్తాయి. మొదటి రాత్రి మీకు నిద్ర పట్టకపోవచ్చు. రెండో రాత్రి ఆ చప్పుళ్ళ కోసం మీరే చెవులు రిక్కిస్తారు.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి దోమలు, ఈగలు, ఎండ. మలేరియా మాత్రలు మీ డాక్టరును అడిగి, బీపీ మందులతో పొసిగేవి రాయించుకోండి. ట్సెట్సీ అనే ఈగ చెట్లున్న చోట కుడుతుంది, బట్టల మీదనుంచి కూడా. ముదురు నీలం, నలుపు రంగులకు అది ఎగబడుతుంది. అందుకే లేత ఖాకీ, బూడిద, లేత ఆకుపచ్చ రంగులు తీసుకెళ్ళండి.

ఎల్లో ఫీవర్ టీకా విషయం మర్చిపోవద్దు. మీ విమానం నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వెళ్తే, ఆ దేశాలు మన ప్రభుత్వం జాబితాలో ఉన్నాయి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు సర్టిఫికెట్ అడగొచ్చు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. మీకు దగ్గర విశాఖలో పోర్టు ఆరోగ్య కార్యాలయం, హైదరాబాదులో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ముందుగా ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్ళండి. ఇక్కడొక ముఖ్యమైన సంగతి. అరవై దాటినవారికి మొదటిసారి ఈ టీకా వేస్తే దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. మీ వారి విషయంలో డాక్టరుతో మాట్లాడకుండా వేయించవద్దు. డాక్టరు వద్దంటే దోహా లాంటి చోటు మీదుగా వెళ్ళే టికెట్ చూసుకుని, టాంజానియాలో దిగి టాంజానియా నుంచే వెనక్కి వచ్చేలా పెట్టుకోండి. నేను కెన్యా కలపొద్దనడానికి ఇదీ ఒక కారణం. బుక్ చేసే ముందు అప్పటి నిబంధనలు ఒకసారి సరిచూసుకోండి, ఈ జాబితాలు మారుతుంటాయి. టాంజానియా వీసా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, 50 డాలర్లు.

పిల్లల కోపం ప్రేమతో వచ్చిందే. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా వాళ్ళ చేత ఒక పని చేయించండి. జబ్బు చేస్తే చిన్న విమానంలో నైరోబీ ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్సు వెతకమనండి. బీపీ, మోకాళ్ళ సంగతి దాచకుండా రాయించాలి. ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, క్యాంపు ఫోన్ నంబర్లతో కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

మోకాళ్ళకు సంబంధించి ఏజెంటును ముందే అడగాల్సినవి ఉన్నాయి. బండి పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజరే ఉండాలి. మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి బండిలో చిన్న స్టూలు పెట్టమనండి. చివరి వరుస సీట్లు వద్దు, గతుకులన్నీ అక్కడే తగులుతాయి. మధ్య వరుస అడగండి. కుదిరితే మీ ఇద్దరికే ఒక బండి, లేదా మీలాంటి ఇంకో జంటతో కలిసి. ఆరుగురు కొత్తవాళ్ళతో ఎక్కితే మీరు ఒక పిట్టను చూస్తుండగానే వాళ్ళు పదండి పదండి అంటారు. గుడారం భోజనశాలకు దగ్గరలో కావాలనండి. నడుముకు బెల్టు, వేడినీళ్ళ సంచి తీసుకెళ్ళండి. ఇంకో సంగతి, ఆడవాళ్ళం చాలామందిమి బయట ఇబ్బందని నీళ్ళు తాగడం మానేస్తాం. మీరు ఆ పని చేయొద్దు, బీపీ మాత్రలు వేసుకునేవారికి అది మంచిది కాదు. గేట్ల దగ్గర, పిక్నిక్ స్థలాల్లో మంచి టాయిలెట్లు ఉంటాయి. మధ్యలో అవసరమైతే డ్రైవరుతో చెప్పండి, నలుదిక్కులూ చూసి బండి వెనక చాటు చూపిస్తాడు. వాళ్ళకది రోజూ ఉండే పని.

భోజనానికి లోటు ఉండదు. అరుషాలో తరతరాలుగా గుజరాతీలు స్థిరపడ్డారు, శాకాహార హోటళ్ళు ఉన్నాయి. క్యాంపుల్లో ముందే చెబితే పప్పు, కూరలు, చపాతీ చేస్తారు. చపాతీని వాళ్ళూ చపాతీ అనే అంటారు, టీని చాయ్ అంటారు. మొక్కజొన్న పిండితో ఉగాలి అని చేస్తారు, అచ్చం మన సంగటి. దాని పక్కన మ్చిచా అనే ఆకుకూర వేస్తే రుచి చూసి మీరే గుర్తుపడతారు, అది మన తోటకూర. మాంసం రసం కలపలేదని ఒకసారి అడిగి తినండి. కందిపొడి, ఆవకాయ స్టీలు డబ్బాల్లో తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ సంచులు వద్దు, టాంజానియా 2019లో వాటిని నిషేధించింది, విమానాశ్రయంలోనే తీసేయమంటారు.

డబ్బు గురించి నిజం చెబుతాను. నేను చెప్పిన ప్రయాణం తక్కువలో తేలుతుందని అనను. సెరెంగెటిలో ప్రవేశ రుసుమే పన్నుతో కలిపి మనిషికి 24 గంటలకు 70 డాలర్లు దాటుతుంది. బిలంలోకి దిగే బండికి విడిగా 250 డాలర్లకు పైనే. వీటిని ఎవరూ తగ్గించలేరు. చవకగా ఇస్తానన్నవాడు మిమ్మల్ని పార్కు బయట ఎక్కడో పడుకోబెట్టి రోజూ రెండేసి గంటలు గేటుదాకా తిప్పుతాడు, లేదా బండి నింపేస్తాడు. అందుకని మొత్తం ధర అడగడంతో ఆగకుండా ఏ రాత్రి ఏ క్యాంపు, గేటు లోపలా బయటా, బండిలో ఎందరు, రుసుములు కలిశాయా అని కాగితం మీద రాయించుకోండి. వైద్యానికని దాచుకున్న సొమ్ము ముట్టుకోవద్దు. అది పోగా మిగిలిందైతే ఈ ఖర్చు పెట్టండి. మోకాళ్ళు ఇంకో ఐదేళ్ళకు ఇలాగే ఉంటాయనుకోలేం కదా. బెలూన్ ప్రయాణం మాత్రం నా లెక్కలో మీకు అవసరం లేదు. మనిషికి 500 డాలర్లకు పైనే, పైగా దిగేటప్పుడు మోకాళ్ళ మీద కుదుపు పడుతుంది. ఆ డబ్బుతో ఎన్‌డుటులో ఇంకో రాత్రి ఉండొచ్చు.

కొనదగ్గ వస్తువు ఒకటే ఉంది, బైనాక్యులర్లు. 8 రెట్లు పెద్దగా చూపేది, 42 అని రాసి ఉండేది. ఇద్దరికీ చెరొకటి కొనండి. ఒకటే ఉంటే, అది చేతులు మారేలోగా చీతా గడ్డిలోకి వెళ్ళిపోతుంది.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. గోరొంగోరో దారిలో ఎర్రటి షుకా దుప్పటి కప్పుకుని ఆవులు తోలుకెళ్ళే మసాయిలు కనిపిస్తారు. సెరెంగెటిని 1951లో నేషనల్ పార్కు చేశారు. 1959లో గోరొంగోరోను దాని నుంచి విడదీసి, మసాయిలు సెరెంగెటి వదిలి అక్కడ బతకొచ్చన్నారు. అక్కడి నుంచి కూడా వాళ్ళను దూరాన ఉన్న మ్సొమెరా గ్రామానికి తరలించడం 2022లో ప్రభుత్వం మొదలుపెట్టింది. చాలామంది మసాయిలు వెళ్ళం అంటున్నారు. నల్లమల చెంచుల కథ తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. మీరు చూసే ఆ ఖాళీ మైదానం ఒకరి ఊరు, ఒకరి మేతబీడు అని మనసులో ఉంచుకుని చూడండి. అడగకుండా వాళ్ళ ఫోటో తీయకండి. వాళ్ళ బోమాకు, అంటే గూడేనికి తీసుకెళ్తే, ఇచ్చే డబ్బు ఎవరికి చేరుతుందో డ్రైవరును అడగండి.

ఫిబ్రవరి ప్రయాణానికి ముందు ఏడాది జూలై, ఆగస్టుల్లోనే బుక్ చేయండి, ఎన్‌డుటు క్యాంపులు తొందరగా నిండిపోతాయి. ఆ నెలలో మధ్యాహ్నం ఒక వాన పడొచ్చు, కొన్నిచోట్ల నల్లరేగడి నేల కాబట్టి బండి దిగబడొచ్చు. ఇంకో బండి వచ్చి లాగుతుంది, కంగారు పడకండి.

ఇక మీ చీర సంగతి. బండి మెట్టు ఎత్తు, రోజుకు పదిసార్లు సీటు మీద నుంచి లేచి నిలబడాలి, దుమ్ము. పగటిపూటకు రెండు మూడు కాటన్ చుడీదార్లు కుట్టించుకుని ఇంట్లో ఓ వారం వేసుకుని అలవాటు చేసుకోండి. సాయంత్రం క్యాంపుకు వచ్చి స్నానం చేశాక చక్కగా చీర కట్టుకోండి, మంట చుట్టూ కూర్చునే వేళకు శాలువా కూడా కావాలి. అక్కడి ఆడవాళ్ళు మీ చీర అంచు పట్టుకుని చూస్తారు, ఎన్ని గజాలని అడుగుతారు. వాళ్ళు కట్టే కాంగా అనే రంగుల గుడ్డ మీద ఒక వైపు స్వాహిలీలో సామెత అచ్చు వేసి ఉంటుంది. అరుషా బజారులో ఒకటి కొనుక్కోండి. కొనే ముందు ఆ సామెతకు అర్థం ఏమిటో కొట్టు ఆమెను అడగండి, ఒక్కోసారి అది అత్తాకోడళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట అయి ఉంటుంది.